గ్యాస్ అని రాసిన కవరు

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగి రెండో గల్లీలోకి తిరిగితే మార్కండేయ మెడికల్ షాపు. దానికి యజమాని, ఫార్మసిస్టు, పొద్దున్నే ఊడ్చే మనిషి, అన్నీ కృష్ణకుమారే. ఇరవై రెండేళ్ళుగా అదే కౌంటరు, అదే కుర్చీ, అదే నోరు. ఎవరైనా పొరపాటున "డాక్టరమ్మా" అంటే చాలు, "నేను డాక్టర్ను గాదు, మందులిచ్చేదాన్ని" అని అక్కడికక్కడే సరిచేస్తుంది. పోనీ మందులిచ్చి ఊరుకుంటుందా అంటే అదీ లేదు. షుగర్ గోలీలకొచ్చిన మనిషి సంచిలో బాదుషాలు కనబడ్డాయా, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఆమెకో అలవాటుంది. మందుల్ని ఖాకీ కాగితం కవరులో వేసి, అవి దేనికో, ఎప్పుడు మింగాలో పైన స్కెచ్ పెన్నుతో రాస్తుంది. ఇంట్లో చదువు రానివాళ్ళు ఉంటారని పక్కన బొమ్మలు కూడా గీస్తుంది. పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, తిన్నాక అంటే పళ్ళెం. బీపీకి గుండె, మోకాళ్ళకు కాలు, గ్యాస్‌కు కుండలాంటి పొట్ట. బొమ్మలు ఆమెకు చేతకావని గల్లీ మొత్తానికీ తెలుసు. గుండె తమలపాకులా ఉంటుంది, కాలు సొరకాయలా ఉంటుంది. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా మోకాలి గోలీ గుండెకు మింగలేదు. అది ఆమెకు మహా గర్వం.

ఆ గర్వానికే ఈసారి దెబ్బ తగిలింది. తగలాల్సిందే, తప్పు ఆమెదే మరి.

ఆర్నెల్ల కిందట మొదలైంది ఇదంతా. శ్రవణ్‌కుమార్ అని, ముప్పై నాలుగేళ్ళవాడు, అదే గల్లీ చివర కిరాయికి ఉంటాడు. పోచంపల్లి దిక్కు పద్మశాలీలు, కృష్ణకుమారి పుట్టినింటి వాళ్ళకు తెలిసినవాళ్ళే. అతని తల్లి లింగమ్మను కృష్ణకుమారి చిన్నప్పటి నుంచీ చిన్నమ్మా అనే పిలుస్తుంది. శ్రవణ్ రోజూ మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద చీరల దుకాణానికి పోతాడు. అక్కడ పోచంపల్లి పట్టు కౌంటరు అతనిదే. మడత చీరను ఒక్క విసురున విప్పితే కొంగు సరిగ్గా కొనేవాళ్ళ ఒళ్ళో వచ్చి పడేది. కొననని వచ్చినవాళ్ళు కూడా రెండు కొని పోయేవాళ్ళు.

అలాంటివాడు ఒక నెలలో నాలుగుసార్లు షాపుకొచ్చాడు. మొదటిసారి గ్యాస్ గోలీలు. రెండోసారి తలనొప్పి గోలీలు. మూడోసారి బలానికి టానిక్కు. నాలుగోసారి గొంతు తగ్గించి, "అక్కా, నిద్రకు ఏమన్న ఇయ్యి" అన్నాడు.

"డాక్టర్ చీటీ ఉందా?"

"లే."

"అయితే గోలీ గూడ లే. లోపలికొచ్చి గీ స్టూలు మీద కూసో."

అతను కూర్చున్నాడు. ఇలాంటివాళ్ళను ఏమడగాలో ఒక శిక్షణ తరగతిలో నేర్పితే కృష్ణకుమారి శ్రద్ధగా రాసుకుంది. అక్కడ నేర్పిన పద్ధతి వేరు, ఈమె అడిగే తీరు వేరు.

"పదిహేను దినాల సంది ఏ పని మీద మనసు లేకుండ ఉన్నదా?"

"ఉన్నది."

"దిగులుగ, ఇగ ఏం చేసినా ఏం లాభం అన్నట్టు?"

శ్రవణ్ తల దించుకున్నాడు. "చీర విప్పబుద్ధి అయితలేదక్కా. గిరాకి ఎదురుంగ కూసొని చూపియ్యమంటది. చెయ్యి లేస్తలేదు. నిన్న ఒకామెకు మూడు చీరలు చూపిచ్చి ఊకె కూసున్న. ఆమె చూసి చూసి లేసిపోయింది."

"సచ్చిపోవాలని గిట్ల అనిపిస్తుందా? దాయకు."

"లేదక్కా. గంత దూరం పోలే. గానీ పొద్దుగాల లేవొద్దనిపిస్తది."

కృష్ణకుమారి ఫోను తీసి మూసారాంబాగ్‌లో ఉండే మనసు డాక్టరు విశ్వేశ్వరరావుకు చేసింది. ఆయనది గోదావరి జిల్లా, ఎంత తొందరలో ఉన్నా నిదానంగానే మాట్లాడతాడు. "రేపు పొద్దున్నే పంపించేయండమ్మా. నిద్రమాత్ర ఇవ్వకపోవడం మంచి పని చేశారు" అన్నాడాయన. మరునాడు ఆమె శ్రవణ్‌ను తానే మెట్రో మెట్ల దాకా తీసుకుపోయి, ఎక్కిన సంగతి చూసుకుని గానీ వెనక్కి రాలేదు.

సాయంత్రానికి అతను చీటీతో వచ్చాడు. రోజూ పొద్దున ఒక గోలీ, ఆర్నెల్లో ఏడాదో వాడాలి, డాక్టరును అడక్కుండా మధ్యలో ఆపకూడదు. ఆమె కవరు మీద రాయబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంట్ల ఎవ్వలకు తెల్వద్దక్కా. సుచిత్రకు గానీ అమ్మకు గానీ తెలిసిందంటే గీ గోలీలు మోరీల పారేస్త. మల్ల ఒద్దు నాకు."

"ఎందుకురా గంత భయం?"

"నాయిన సంగతి నీకు తెల్వదా?"

తెలుసు. శ్రవణ్ తండ్రి రామస్వామి మంచి చేనేత పనివాడు. ఒక ఏడు ఎందుకో మగ్గం గుంటలో దిగి కూర్చునేవాడు గానీ పోగు నేసే నాడె విసిరేవాడు కాదు. తర్వాత గుంటలో దిగడం కూడా మానేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండేళ్ళు అలాగే పడుకుని, తిండి తగ్గి, ఒక చలికాలంలో పోయాడు. ఊళ్ళో పిల్లలు శ్రవణ్‌ను పిచ్చి రామస్వామి కొడుకు అని పిలిచేవాళ్ళు. పదేళ్ళవాడి చెవిన పడ్డ మాట అది, ఎక్కడికి పోతుంది?

కృష్ణకుమారి కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. కవరు మీద అబద్ధం రాయడం ఆమె ఎరగదు. కానీ రాయకపోతే వీడు గోలీ మింగడు. చివరికి పొద్దుటి సూర్యుణ్ణి గీసి, పక్కన కుండలాంటి పొట్ట గీసి, కింద గ్యాస్ అని రాసింది. మన దగ్గర గ్యాస్ అంటే ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. ఛాతీలో నొప్పొస్తే గ్యాస్, తల తిరిగితే గ్యాస్, అల్లుడు పండక్కి రాకపోయినా గ్యాసే. ఇంతటి సదుపాయమైన జబ్బు ఇంకోటి లేదు.

"ఎవ్వలకు చెప్పనని మాటియ్యి."

"ఇచ్చిన. పో."

గోలీలు పని చేశాయి. మూడు వారాలకు అతనికి నిద్ర కుదిరింది. రెండు నెలలకు చీరలు మళ్ళీ గాల్లో లేవడం మొదలుపెట్టాయి. ఒక్కటే చిక్కు. భార్య సుచిత్ర బడంగ్‌పేట్‌లో ఒక బడిలో టీచరు, ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. మొగుడికి గ్యాస్ అని కవరు చెప్పింది కాబట్టి ఇంట్లో శనగపప్పు ఆపేసింది, ఆలుగడ్డ ఆపేసింది, మిరపకాయ బజ్జీ మాటే ఎత్తొద్దంది. పాపం శ్రవణ్‌కు బజ్జీలంటే ప్రాణం. సాయంత్రం మెట్రో దిగి, మెడికల్ షాపు పక్క బండి దగ్గర గోడ వైపు తిరిగి దొంగలా నాలుగు తిని, మూతి తుడుచుకుని ఇంటికి పోయేవాడు. కృష్ణకుమారి కౌంటరులోంచి చూసి నవ్వుకునేది. తన అబద్ధానికి జరిగిన నష్టం అంతే కదా అనుకునేది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల ఒకటో తారీఖున ముప్పై గోలీలు తీసుకుపోయిన శ్రవణ్, ఇరవయ్యో తారీఖు పొద్దున్నే వచ్చి మళ్ళీ కావాలన్నాడు.

కృష్ణకుమారి కళ్ళద్దాలు పైకి తోసింది. "ఒకటో తారీఖుకు కదరా నువ్వు రావాల్సింది? రోజుకు రెండు మింగుతున్నవా?"

"ఒట్టక్కా, ఒకటే. గోలీల పత్తా తీస్తే ఖాళీగ ఉన్నది. ఇంట్ల ఎవలో తింటున్నరు."

"ఎవలు?"

"సుచిత్రనే అయి ఉంటది. నా పరేషాన్ సూడు, నా గోలీలు ఏవి అని అడగనీకె గూడ లేదు. అడిగితె ఏం గోలీలు, గ్యాస్ గోలీలకు గింత లొల్లి ఎందుకు అంటది."

పంతొమ్మిది రోజులకు అతను మింగినవి పంతొమ్మిది. మిగతా పదకొండు ఎవరి కడుపులోకి పోయాయి? ఇంట్లో గ్యాస్ అని ఎవరికి అనిపించినా ఆ కవరులో చెయ్యి పెడతారు. పెట్టమని బొమ్మ గీసి మరీ చెప్పింది తనే. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ తప్పు గోలీ మింగలేదన్న గర్వం అక్కడికక్కడే నీరుగారిపోయింది.

"ఇంట్ల చెప్పురా. జర నా మాటిను."

"చెప్తే ఆపేస్త అన్న కదక్కా."

మొండివాడు, అన్నంత పనీ చేస్తాడు. ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ ఆ చెయ్యి లేవని రోజులకే పోతాడు. ఆమె ఆలోచించి, "సరే, ఇగ గోలీలు ఇంటికి పోవు. నా దగ్గర్నే ఉంటయ్. రోజు పది గంటలకు మెట్రో ఎక్కే ముందట గీడికొచ్చి నా కండ్ల ముందట మింగు" అంది. ఆ రోజు నుంచి శ్రవణ్ పది గంటలకు వచ్చేవాడు, గోలీ వేసుకునేవాడు, ఆమె స్టీలు చెంబులో నీళ్ళు తాగేవాడు, పోయేవాడు.

దొంగ ఐదో రోజు మధ్యాహ్నం తనంతట తానే షాపుకొచ్చింది. సుచిత్ర కాదు. లింగమ్మ.

లింగమ్మకు అరవై రెండేళ్ళు. వారానికోసారి మోకాళ్ళ మందుకో, బీపీ గోలీలకో, రక్తం పల్చన చేసే గోలీలకో వస్తుంది. వచ్చి కాసేపు నిలబడి, ఏమీ మాట్లాడకుండా పోతుంది. ఈసారి కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన ఖాకీ కవరు కౌంటరు మీద పెట్టింది. కవరు మీద సూర్యుడు, కుండలాంటి పొట్ట.

"బిడ్డా, గీ గోలీలు ఇయ్యి."

కృష్ణకుమారి నిజంగా గ్యాస్‌కు ఇచ్చే గోలీ ఒకటి తీసి పెట్టింది. లింగమ్మ దాన్ని వేలితో పక్కకు నెట్టింది.

"గిది గాదు. గది పొడుగ్గ ఉంటది, నడుమ గీత ఉంటది."

"చిన్నమ్మా, నువ్వు ఎన్ని మింగినవ్?"

"పదకొండు."

"నువ్వు రక్తం పల్చన చేసే గోలీ గూడ వేసుకుంటవు కదనే. రెండు కలిస్తే మంచిది గాదు. ఏడనన్న నీలం మచ్చలు ఒచ్చినయా? పండ్లు తోముకునేటప్పుడు రక్తం?"

"ఏం రాలే. రెండు దినాలు కడుపుల తిప్పింది. వానికి గూడ ముందుగాల గట్లనే తిప్పింది, అన్నం ఒద్దనేటోడు. గందుకే పనిచేస్తదిలే అనుకున్న."

"నీకు గ్యాస్ ఉన్నదా?"

లింగమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "గ్యాస్ గోలీ మింగితె తేన్పులు ఒస్తయి బిడ్డా. నవ్వెట్ల ఒస్తది? వాడు ఏడాది సంది నవ్వనోడు, గీ గోలీలు తెచ్చుకున్నంక నవ్వుతుండు. చీరెలు ఎట్ల విప్పుతడో నాకు చేసి చూపిచ్చిండు. నా చద్దరు తీసి విసిరిండు."

కృష్ణకుమారి పక్కకు నెట్టిన గోలీని తీసి డబ్బాలో వేసింది.

"నాకు గూడ గది గావాలె" అంది లింగమ్మ, ఉప్పు అడిగినట్టు.

అప్పుడు చూసింది కృష్ణకుమారి ఆమెను. వారం వారం చూస్తూనే ఉంది, కానీ చూసింది మోకాళ్ళను. జాకెట్టు వదులైపోయింది. కళ్ళ కింద గుంటలు. గల్లీలో ఎవరి ముఖం ఎలా ఉందో నాకు తెలుసని విర్రవీగే మనిషికి, కౌంటరు ముందు నెలల తరబడి నిలబడ్డ ముఖం కనబడలేదు. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"లోపలికొచ్చి స్టూలు మీద కూసో, చిన్నమ్మా" అంది.

అవే ప్రశ్నలు అడిగింది. ఏ పని మీదా మనసు లేకుండా ఎన్నాళ్ళ నుంచి? లింగమ్మ వేళ్ళ మీద లెక్క వేయబోయి మానేసింది. ఇల్లు ఊరు నుంచి పట్నానికి మారినప్పటి నుంచి కావచ్చు, అంతకు ముందు నుంచి కూడా కావచ్చు. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. కోడలు మంచిది, కొడుకు మంచోడు, తిండికి లోటు లేదు, మరెందుకు ఏడుపొస్తుందో తెలియదు. చచ్చిపోవాలని అనిపిస్తుందా అంటే, "నేను పోతే వీనికి అన్నమెవలు పెడ్తరు?" అని ఎదురు ప్రశ్న వేసింది.

"డాక్టర్ దగ్గరికి పోదాం. నీ గోలీ నీకు ఆయన రాస్తడు. వేరేటోళ్ళది మింగొద్దు, కొడుకుదైనా మింగొద్దు."

"పోత. గానీ వానికి చెప్పకు. నేను గిట్ల ఉన్ననని తెలిస్తే వాడు మల్ల దిగులు పడ్తడు. మాటియ్యి."

ఇదెక్కడి గోల. ఇంటి పేరు ఒకటి, గడప ఒకటి, తల్లికి తెలియొద్దని కొడుకు, కొడుక్కి తెలియొద్దని తల్లి, మధ్యన రెండు మాటలిచ్చి తను. ఆమె అరచేతులతో మొహం రుద్దుకుంది. చెప్పనని మాటిచ్చింది నిజమే. ఎవరిని ఏ వేళకు షాపుకు రమ్మనాలో మాత్రం ఎవరికీ మాటివ్వలేదు.

"చెప్పను. రేపు పది గంటలకు రా. డాక్టర్‌కు ఫోన్ చేసి ఉంచుత" అంది.

రాత్రంతా ఆమెకు భయమే. వీడు కోపంతో గోలీ విసిరికొట్టి వెళ్ళిపోతే? ఆర్నెల్ల కష్టం మోరీలో పోసినట్టే కదా.

మరునాడు పది గంటలకు శ్రవణ్ ఒక చేతిలో గోలీ, ఒక చేతిలో చెంబు పట్టుకుని ఉండగా లింగమ్మ మెట్టెక్కింది. చెంబులో నీళ్ళు తొణికి చొక్కా మీద పడ్డాయి. శ్రవణ్ కృష్ణకుమారి వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే కౌంటరు కింద దూరేవాళ్ళు.

"నువ్వు చెప్పినవ్."

"చెప్పలే" అంది కృష్ణకుమారి. "అమ్మనే అడుగు."

అతను గుప్పిట మూశాడు. గోలీ లోపల ఉంది. కృష్ణకుమారి ఆ గుప్పిటనే చూస్తూ నిలబడింది.

లింగమ్మ మెల్లగా వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. "నాకెవలు చెప్పలేరా. కవర్ మీద పొట్ట బొమ్మ చూసిన నాడే నాకు భయమైంది. మీ నాయినకు గూడ అందరు గ్యాసనే అన్నరు. నేను గూడ గదే అనుకున్న. వాము నీల్లు కాచి తాగిపిచ్చిన. రెండేండ్లు, ఒక్క పూట తప్పకుండ తాగిపిచ్చిన." లింగమ్మ స్టూలు మీదే కొడుకు వైపు తిరిగింది. "నీకు గూడ గదే మొదలైందని ఏడ్చుకుంట కూసున్న. నువ్వేమో దినం దినం మంచిగైతున్నవ్. అప్పుడు ఎర్కైంది, గిది గ్యాస్ మందు గాదు, మీ నాయినకు దొరకని మందని."

శ్రవణ్ చెంబు కౌంటరు మీద పెట్టాడు.

"నీ గోలీలు తిన్నది నేనే. నాకు గూడ ఏండ్ల సంది గట్లనే ఉన్నది బిడ్డా. నీ లెక్క నేను గూడ దాచిన."

"అమ్మా" అన్నాడు శ్రవణ్. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మెడికల్ షాపులో, దగ్గు మందు కొనడానికొచ్చిన ఇద్దరి ముందు, తల్లి కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడి ఏడ్చాడు. కృష్ణకుమారి ఆ ఇద్దరికీ ఏ మందో చూడకుండానే ఏదో ఇవ్వబోయి, ఆపుకుని, పది నిమిషాలు ఆగి రమ్మంది.

"ముందుగాల గది మింగు. చెయ్యిల కరిగిపోతది" అంది లింగమ్మ.

అతను గుప్పిట విప్పి, గోలీ వేసుకుని, చెంబెత్తి నీళ్ళు తాగాడు. ఆ రోజు చీరల దుకాణానికి సెలవు పెట్టి తల్లిని మూసారాంబాగ్ తీసుకుపోయాడు. సాయంత్రం సుచిత్రకు ఇద్దరూ కలిసి చెప్పారు. సుచిత్ర అంతా వింది. తర్వాత "అయితే ఆరు నెలలు శనగపప్పు ఊకెనే మానేసినమా?" అని అడిగి, వంటింట్లోకి పోయి బజ్జీలకు పిండి కలిపిందట. ఈ ముక్క శ్రవణ్ చెప్పగా తెలిసింది.

రెండు రోజుల తర్వాత తల్లీకొడుకులు కలిసి షాపుకొచ్చారు. లింగమ్మ చేతిలో తన పేరు మీద చీటీ ఉంది. రక్తం పల్చన చేసే గోలీకి అడ్డం రాని మందు చూసి రాశాడు డాక్టరు. శ్రవణ్ చేతిలో నాలుగు బజ్జీల పొట్లం ఉంది, దాన్ని తీసుకొచ్చి కౌంటరు మీద బాహాటంగా పెట్టాడు.

కృష్ణకుమారి ముందు ఆ పాత గ్యాస్ కవరు చింపి బుట్టలో వేసింది. "తప్పు నాది, చిన్నమ్మా. ఇగ జన్మల రాయను" అంది. కొత్త కవర్లు రెండు తీసింది. ఒక దాని మీద శ్రవణ్‌కుమార్ అనీ, ఇంకో దాని మీద లింగమ్మ అనీ రాసింది. రెంటి మీదా మనసుకు అని రాసింది. సూర్యుణ్ణి గీసింది. అక్కడ ఆమె పెన్ను ఆగిపోయింది. గుండె ఉంది, కాలు ఉంది, పొట్ట ఉంది. ఇన్నేళ్ళలో మనసుకు బొమ్మ గీయాల్సిన పని ఆమెకు పడలేదు.

"ఏమాయె బిడ్డా?"

"మనసుకు ఏం గీయాల్నో తెల్వక ఆగిన. నువ్వే చెప్పు."

లింగమ్మ కవరు మీద సూర్యుణ్ణి వేలితో తాకింది.

"పండుకున్న మనిషిని గీయి" అంది. "గోడ దిక్కు గాదు. ఇటు దిక్కు తిరిగినట్టు గీయి."

కృష్ణకుమారి గీసింది. ఎప్పటిలాగే బాగా రాలేదు, మనిషి దోసకాయలా వచ్చాడు. కానీ ఇటు వైపు తిరిగి ఉన్నాడు, కళ్ళు తెరిచి ఉన్నాడు. లింగమ్మ ఆ కవరును కొంగున ముడి వేయలేదు. అందరికీ కనబడేలా చేత్తో పట్టుకుని, కొడుకు పక్కన గల్లీలో నడిచి పోయింది.